పొద్దున లేవని మిషన్

ఈ సంచికకు ఏదైనా రాయమని క్లబ్బు వాళ్లు అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నా. నాలుగు పాదాలు రాసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. అందుకని కవిత పక్కన పెట్టి, మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్లో చేసిన ఒక రిపేరు గురించి రాస్తున్నా. "చేసిన" అనడం కూడా పూర్తిగా నిజం కాదు. పాడు చేసింది నేను, బాగు చేసింది ఇంకొకరు. మధ్యలో సాల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది మాత్రం నేనే.

మాది అయిజ. హాస్టల్లో ఈ పేరు చెప్పగానే "అదెక్కడ?" అంటారు. "గద్వాల దగ్గర" అంటే "ఓ, చీరలు" అంటారు. అవును, చీరలే. కృష్ణ ఒకవైపు, తుంగభద్ర ఒకవైపు, నడిమిట్ల మా నడిగడ్డ. ఇటు బస్సెక్కితే గద్వాల, అటు ఎక్కితే కర్నూలు, ఇంకోపక్కకు పోతే రాయచూరు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. మా మాటలో తెలంగాణ, రాయలసీమ, కన్నడం మూడూ కలిసి ఉంటాయి. అందుకే ఫస్టియర్‌లో నా యాస విని నన్ను ఏ బ్యాచ్‌లో కలుపుకోవాలో మీకెవరికీ అర్థం కాలేదు.

మా నాయనకు బస్టాండు దగ్గర చిన్న షాపు ఉంది. జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, మీసేవకు పోయే ముందు కావాల్సిన కాగితాలన్నీ అక్కడ దొరుకుతాయి. షాపులో వెనక మూలన గోనెపట్టా కప్పి ఒక పెద్ద మిషన్ ఉంటుంది. చూడ్డానికి జిరాక్స్ మిషన్ లాగానే ఉంటుంది కానీ జిరాక్స్ కాదు. డూప్లికేటర్. మేం కాపీ ప్రింటర్ అంటాం. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు వాళ్లు కొత్తది కొనుక్కొని దీన్ని అమ్మేస్తే, నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నాయన ట్రాలీలో వేసుకొచ్చాడు. బడుల పరీక్ష పేపర్లు, ట్యూషన్ల నోట్సు, ఎన్నికలప్పుడు కరపత్రాలు, జాతరప్పుడు నోటీసులు అన్నీ దాని కడుపులోంచి వచ్చినవే.

ఇది ఎట్ల పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. జిరాక్స్ మిషన్ ప్రతి కాపీకి పొడి చల్లి, వేడి చేసి కాగితానికి అతికిస్తుంది. డూప్లికేటర్ అట్ల కాదు. మనం పెట్టిన కాగితాన్ని ఒక్కసారి స్కాన్ చేసి, మాస్టర్ అనే పల్చటి పొర మీద థర్మల్ హెడ్‌తో అక్షరాల ఆకారంలో సన్నటి రంధ్రాలు పెడుతుంది. ఆ పొరను సిరా డ్రమ్ముకు చుట్టుకుంటుంది. డ్రమ్ము తిరుగుతుంటే లోపలి సిరా ఆ రంధ్రాల్లోంచి కాగితం మీదికి దిగుతుంది. వేడి చేయాల్సిన పని లేదు కాబట్టి కరెంటు తక్కువ, వేగం ఎక్కువ. పది కాపీలకు దీన్ని తిప్పితే మాస్టర్ ఖర్చే రాదు. వంద దాటితే మాత్రం జిరాక్స్ దీని ముందు నిలబడలేదు.

నిజానికి ఇది కొత్త విద్య కాదు, పాత సైక్లోస్టైలే. నాయన నా వయసులో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. టైప్ మిషన్ రిబ్బను పక్కకు జరిపి, మైనపు పూత ఉన్న స్టెన్సిల్ మీద అక్షరాలు కొట్టేవాళ్లు. ఆ స్టెన్సిల్‌ను డ్రమ్ముకు తగిలించి చేత్తో హ్యాండిల్ తిప్పేవాళ్లు. దాన్ని మా దగ్గర రోనియో అనేవాళ్లు. రోటరీ, నియోస్టైల్ అనే రెండు మాటలు కలిపి ఒక కంపెనీ పెట్టుకున్న పేరు అది. మనవాళ్ల నోట్లో పడి ఆ పనికే పేరైపోయింది. ఈ స్టెన్సిల్ పద్ధతికి ఎడిసన్ 1876లోనే ఒక పేటెంటు తీసుకున్నాడు. హంగరీ నుంచి లండన్ పోయిన డేవిడ్ గెస్టెట్నర్ 1881లో చిన్న చక్రం ఉన్న కలంతో స్టెన్సిల్ కోయడం కనిపెట్టాడు. జపాన్‌లో నొబోరు హయామా 1946లో మొదలుపెట్టిన రిసో కంపెనీ, 1980ల్లో ఈ స్టెన్సిల్‌కు స్కానర్‌ను, థర్మల్ హెడ్‌ను జోడించింది. మా షాపులో ఉన్నది ఆ వంశంలోదే. కంపెనీ పేరు చెప్పను, తప్పు కంపెనీది కాదు కాబట్టి.

ఆర్డీఎస్ కాలువ నీళ్ల కోసం మా దిక్కు సభలు జరిగినప్పుడు కరపత్రాలు నాయన రోనియో మీదే తీసేవాడట. తుంగభద్ర మీద రాజోలిబండ దగ్గర మొదలయ్యే ఆ కాలువ మా పాలమూరులో 87,500 ఎకరాలు తడపాలి. చివరి ఆయకట్టుకు నీళ్లు రాక ఎన్ని సభలు జరిగాయో, నాయన గోళ్లల్లో సిరా అన్నాళ్లు పోలేదని అమ్మ చెప్తుంది.

ఇక అసలు కథ.

భోగి ముందురోజు పొద్దున ఇంటికి చేరిన. బ్యాగు పెట్టి షాపుకు పోతే నాయన మిషన్ ముందు కుర్చీ వేసుకొని కూర్చొని ఉన్నాడు. స్విచ్ వేశాడు. డిస్‌ప్లే వెలగలేదు. లోపల నుంచి సన్నగా "టిక్... టిక్... టిక్" అని గోడ గడియారం లాగా శబ్దం.

"పది రోజులైంది రా. మొదాలు పొద్దున పూట లేవకపోయేది. నాలుగైదు సార్లు వేసి తీస్తే లేచేది. మధ్యాహ్నమైతే మామూలే. ఈ చలి పెరిగినంక పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు."

"నాయనా, ఎలక్ట్రానిక్స్‌కు చలేంది, ఎండేంది? అదేమన్నా మనిషా?" అన్నా.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనైతే మర్చిపోలేను.

నాయన ఏం అనలేదు. అంతకుముందే ఒక మెకానిక్ వచ్చి చూసిపోయాడట. పవర్ సప్లై బోర్డు పోయింది, ఈ మోడల్ బోర్డులు ఇప్పుడు రావడం లేదు, ఎక్కడన్నా పాతది దొరికినా 14 వేలు అవుతుంది, అంత పెట్టే బదులు మార్చెయ్యండి అన్నాడట. పాత ఇనుము కింద తీసుకుపోయే అతను కూడా వచ్చి బేరం చేసిపోయాడు.

"బోర్డు ఎందుకు నాయనా, నేను చూస్తా. మేం చదివేదే అది" అన్నా.

అబద్ధం కాదు. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో నాకు ఏ గ్రేడు వచ్చింది. ఫ్లైబ్యాక్ కన్వర్టర్ బొమ్మ కళ్లు మూసుకొని గీస్తా. 230 వోల్టుల ఏసీ బ్రిడ్జి రెక్టిఫైయర్ దాటి పెద్ద కెపాసిటర్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. దాన్ని ఒక మాస్‌ఫెట్ సెకనుకు వేలసార్లు తెంపుతూ కలుపుతూ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇస్తుంది. అవతలి పక్క మోటర్లకు 24 వోల్టులు, లాజిక్ బోర్డుకు 5 వోల్టులు. పరీక్షలో ఇది రాస్తే పది మార్కులు. నేను రాశా, వేశారు కూడా. కానీ అప్పటిదాకా నిజం ఎస్‌ఎంపీఎస్ బోర్డును చేత్తో ముట్టుకోలేదు. మనలో ఎంతమంది ముట్టుకున్నారో మీరే చెప్పాలి.

కవర్లు విప్పి బోర్డు బయటికి తీసిన. దుమ్ము, సిరా, ఒక బల్లి అస్థిపంజరం. 24 వోల్టుల వైపు ఉన్న రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది. నాకు పండగ ముందే వచ్చినట్టైంది. "దొరికింది దొంగ" అని నాయనకు చూపించి, ఇంట్లో పడి ఉన్న పాత టీవీ బోర్డులోంచి అదే విలువవి పీకి వేసిన. స్విచ్ వేస్తే టిక్, టిక్, టిక్.

అప్పుడైనా ఆగాలి. ఆగలే. ఎడమ చేతిలో ఫోను, అందులో ఎవరో ఉత్తరాది అబ్బాయి వీడియో, కుడి చేతిలో మల్టీమీటర్ ప్రోబు. కరెంటు ఉండగానే మాస్‌ఫెట్ గేటు దగ్గర వోల్టేజీ వస్తుందా లేదా అని చూడబోయిన. మాస్‌ఫెట్‌కు మూడు కాళ్లు. గేటు పక్కనే డ్రెయిన్. మధ్యలో సందు రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ప్రోబు జారింది.

అది పేలిన శబ్దం గురించి ఎక్కువ చెప్పను. నీలం మెరుపు, దీపావళి వాసన, షాపు మొత్తం చీకటి. ఎంసీబీ పడిపోయింది. బయట జిరాక్స్ కోసం నిలబడ్డామె "అయ్యో" అని రెండు అడుగులు వెనక్కి వేసింది.

నాయన పరుగెత్తుకొచ్చి నా చేయి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేళ్లన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత చాలాసేపటికి గాని మిషన్ దిక్కు చూడలేదు. "పోనీతియ్, అది ఎట్లైనా పోయిందే కదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు అమ్మ అసలు విషయం చెప్పింది. ఒక ప్రైవేటు బడి వాళ్లు పదో తరగతి పిల్లలకు స్టడీ మెటీరియల్ అచ్చు వేయమని ఆర్డరు ఇచ్చారు. 140 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 64 పేజీలు. సెలవులయ్యి బడి తెరిచిన రోజు ఇవ్వాలి. ఆరు వేలు అడ్వాన్సు కూడా ఇచ్చారు. ఆ ఆరు వేలు డిసెంబర్లో నా హాస్టల్ మెస్సు బాకీకి పోయాయి. మిషన్ లేకపోతే నాయన గద్వాలలో జిరాక్స్ కొట్టించి ఇవ్వాలి. పేజీకి రూపాయి లెక్కన వేసుకున్నా 8,960 రూపాయలు. మొత్తం ఆర్డరు విలువే అంత లేదు.

"మీ నాయన నీకు చెప్పొద్దన్నడు" అంది అమ్మ. సజ్జరొట్టె మీద నువ్వులు ఏరుకుంటూ కూర్చున్న. గొంతు దిగలే.

సాయంత్రం నాయన ఒక్క మాట చెప్పకుండా స్కూటర్ మీద పోయి రేడియో చాచాను తీసుకొచ్చాడు. ఆయన అసలు పేరు ఊళ్లో చాలామందికి తెలియదు. రేడియోలు పోయి, టేప్ రికార్డర్లు పోయి, పెద్ద పొట్ట టీవీలు పోయినా ఆయన మాత్రం రేడియో చాచానే. ఇప్పుడు ఎక్కువగా మిక్సీలు, రైతుల స్ప్రేయర్ చార్జర్లు చూస్తున్నాడు. పత్తి చేన్లలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు సీజన్‌లో రోజూ ఏడెనిమిది వస్తాయట. ఆ చార్జర్లన్నీ చిన్న ఎస్‌ఎంపీఎస్‌లే.

చాచా కూర్చోగానే మిషన్ ముట్టలేదు. సంచిలోంచి ఒక బల్బు హోల్డరు తీశాడు. రెండు వైర్లు, వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బు. ముందుగా ఆ వైర్లను పెద్ద కెపాసిటర్ కాళ్లకు తాకించాడు. బల్బు వెలగలేదు.

"చార్జి లేదు చాచా" అన్నా.

"లేదని ఇప్పుడు తెలిసింది. తాకించకముందు తెల్వదు కద. రోజూ ఇట్లనే చెయ్యాలె బేటా. స్క్రూడ్రైవర్ పెట్టి షార్ట్ చేసేటోళ్లను చూసి నేర్వకు."

తర్వాత కరెంటు లేకుండానే అరగంట మీటరు పెట్టి చూశాడు. పోయినవి ఒక్కొక్కటి నాతోనే రాయించాడు. మాస్‌ఫెట్ మూడు కాళ్లూ ఒకటైపోయాయి. దాని కింద కరెంటు కొలిచే చిన్న రెసిస్టరు తెగిపోయింది. గేటు రెసిస్టరు నల్లబడింది. 325 వోల్టులు గేటు దారిలోంచి వెనక్కి పోయి కంట్రోల్ ఐసీని కూడా చంపాయి. ఆఖరికి ఫ్యూజు. నా ప్రోబు జారింది ఒక్క క్షణం, చచ్చినవి ఐదు.

"ఇప్పుడు రెండు రోగాలున్నయి. ఒకటి నువ్వు తెచ్చింది. ఒకటి దానికి ముందునుంచే ఉన్నది. నీది నయం చేస్తే గాని దానిది కనపడదు" అన్నాడు చాచా.

భోగి రోజు పొద్దున్నే కర్నూలు బస్సెక్కిన. తుంగభద్ర వంతెన దాటుతుంటే నదిలో నీళ్లు సన్నగా పారుతున్నాయి. పండగని సగం షాపులు మూసి ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక స్పేర్ పార్టుల షాపులో చాచా రాసిచ్చిన చీటీ చూపించిన. పాత మాస్‌ఫెట్ నంబరు దొరకలేదు. దొరకదని చాచాకు ముందే తెలుసు. "వోల్టేజీ తక్కువుండొద్దు, కరెంటు తక్కువుండొద్దు, కాళ్ల వరస అదే ఉండాలె" అని చెప్పి పంపాడు. 600 వోల్టులు, 10 ఆంపియర్లది 10ఎన్60 దొరికింది. రెండు తీసుకున్నా, ఒకటి మళ్లీ పోతే ఇంకోటి ఉంటుందని. కంట్రోల్ ఐసీ యూసీ3842. ఫ్యూజు, రెసిస్టర్లు, 24 వోల్టుల వైపుకు కొత్త కెపాసిటర్లు, చీటీ చివర చాచా రాసిన చిన్నాచితకా కెపాసిటర్లు రెండేసి. అన్నీ కలిపి మూడు వందల లోపే. బస్సు చార్జీ, టిఫిను కలిపితే కూడా ఐదు వందలు దాటలే.

సంక్రాంతి రోజు చాచా రానన్నాడు. "పండగ పూట మీ అమ్మతోని తిట్లు తినిపియ్యకు నన్ను." కనుమ పొద్దున షాపు షట్టరు సగం ఎత్తి ముగ్గురం కూర్చున్నాం.

నేనే సాల్డర్ చేసిన. చాచా చేతులు ఇప్పుడు కొంచెం వణుకుతున్నాయి, కళ్లద్దాలు కూడా పాతవి. ఐదు వస్తువులు మార్చి, నేను పీకేసిన టీవీ కెపాసిటర్ల బదులు కొత్తవి వేసి, బోర్డును బల్ల మీదే పెట్టాం. 24 వోల్టుల వైపు లోడు కోసం చాచా ఒక లారీ ఇండికేటర్ బల్బు తెచ్చాడు. లారీలది 24 వోల్టులే కదా. ఇవతల కరెంటు వచ్చే దారిలో ఆ వంద వాట్ల బల్బును సిరీస్‌లో కలిపాడు. బోర్డులో ఇంకా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డుకు ఏమీ కాదు. బాగుంటే పెద్ద కెపాసిటర్ నిండేదాకా ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. నాలుగేళ్ల చదువులో ఈ బల్బు గురించి మనకెవరూ చెప్పలేదు. ఈ బల్బు నా దగ్గర భోగి ముందురోజు ఉండి ఉంటే ప్రోబు జారినా ఐదింటిలో రెండు మూడన్నా బతికేవేమో.

"వెయ్" అన్నాడు చాచా.

వేసిన. బల్బు మెరిసింది. మసకబారింది. లారీ బల్బు వెలగలేదు. బోర్డులోంచి "టిక్... టిక్... టిక్."

నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. మూడు రోజులు తిరిగి, డబ్బులు పెట్టి, నేను రాకముందు మిషన్ ఎక్కడుందో అక్కడికే తెచ్చిన. చాచా మాత్రం సంతోషంగా ఉన్నాడు. "నీ రోగం పోయింది. ఇప్పుడు దాని రోగం" అని నాయన దిక్కు తిరిగాడు. "తమ్మీ, ఇది ఎట్ల సతాయించేది? మొదటికెల్లి చెప్పు."

నాయన నాకు చెప్పిందే మళ్లీ చెప్పాడు. పొద్దున లేవదు. నాలుగైదు సార్లు వేసి తీస్తే లేస్తుంది. మధ్యాహ్నం లేస్తుంది. ఒకసారి లేచిందంటే సాయంత్రం దాకా ఆగకుండా నడుస్తుంది. ఎండాకాలం ఎప్పుడూ సతాయించలేదు. పోయిన చలికాలం కూడా కొంచెం ఇట్లనే చేసింది.

చాచా విని, కరెంటు తీయించి, బల్బుతో కెపాసిటర్‌ను ఖాళీ చేయించాడు. ఈసారి బల్బు ఒక్క మెరుపు మెరిసి ఆరింది. తర్వాత నా చేతిలోని ఐరన్ తీసుకొని, హీట్‌సింకు పక్కన ఇరుకులో నిలబడ్డ చిటికెన వేలి గోరంత కెపాసిటర్ దగ్గర తాకీ తాకనట్టు పట్టుకున్నాడు. ఒక నిమిషం. "ఇప్పుడు వెయ్."

లారీ బల్బు వెలిగింది.

పసుప్పచ్చగా, నిలకడగా. టిక్కు లేదు. రెండు నిమిషాలు వెలగనిచ్చి స్విచ్ తీశాం. కెపాసిటర్ చల్లబడేదాకా చాయ్ తాగి మళ్లీ వేస్తే టిక్, టిక్.

అప్పుడు నాకు అర్థమైంది. యూసీ3842 బొమ్మను పుస్తకంలో ఎన్నిసార్లు చూశానో. ఆ ఐసీ మొదలుకావడానికి 16 వోల్టులు కావాలి. ఆ వోల్టేజీ 325 వోల్టుల దగ్గర నుంచి ఒక పెద్ద రెసిస్టర్ ద్వారా బొట్టుబొట్టుగా వచ్చి ఆ చిన్న కెపాసిటర్‌లో నిండుతుంది. 16 దాటగానే ఐసీ లేస్తుంది. లేచాక దానికి కావాల్సిన కరెంటు ఆ రెసిస్టర్ ఇవ్వలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద దాని కోసమే చుట్టిన ఇంకో చుట్ట నుంచి రావాలి. ఆ చుట్ట పుంజుకునేదాకా కొన్ని మిల్లీసెకన్లు ఐసీని బతికించేది ఆ చిన్న కెపాసిటరే. అది ఎండిపోతే వోల్టేజీ 10 కిందికి పడిపోతుంది, ఐసీ పడుకుంటుంది. మళ్లీ బొట్టుబొట్టుగా నిండుతుంది, లేస్తుంది, పడుకుంటుంది. అదే మనకు వినిపించే టిక్కు. మా ఊళ్లో బావుల మీద పాత ఆయిల్ ఇంజన్లు ఉండేవి. హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పి వదిలితే, ఆ ఊపు ఉండగానే ఇంజను అందుకోవాలి. ఊపు చాలకపోతే "టబ్" అని ఆగిపోతుంది. అంతే ఇది కూడా. ఇంజను మంచిదే, తిప్పే చేతిలో బలం లేదు.

మరి చలి? ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో ఉండేది ద్రవం. ఏళ్ల తరబడి హీట్‌సింకు పక్కన వేడికి ఆ ద్రవం ఆరిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఒక లెక్క ఉంది. మే నెలలో మా షాపు రేకుల కింద మనుషులే ఆరిపోతారు. అట్ల ఆరిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు ఇంకా బలహీనం. మిగిలిన కాస్త ద్రవం చలికి చిక్కబడి లోపలి నిరోధం పెరుగుతుంది. వెచ్చబడితే కొంచెం తేరుకుంటుంది. నాలుగైదు సార్లు స్విచ్ వేసి తీస్తే లేచేది కూడా అందుకే అయ్యుండాలి. ఆ కాస్త కరెంటుకే అది ఇంత వెచ్చబడేది. ఒకసారి నడవడం మొదలైతే పక్కన హీట్‌సింకు వేడి ఉంటుంది, చుట్ట నుంచి కరెంటు వస్తుంది, ఇక సాయంత్రం దాకా ఢోకా లేదు.

అంటే నాయన నాకు మొదటి రోజే, మొదటి నిమిషంలోనే రోగం పేరు తప్ప మిగతాదంతా చెప్పేశాడు. ఎలక్ట్రానిక్స్‌కు చలి ఏందని అడిగింది నేను. ఉబ్బిన కెపాసిటర్లు కంటికి కనిపించాయి కాబట్టి వాటినే పట్టుకున్నా. ఎండిపోయింది ఉబ్బదు. పైకి కొత్తదానిలాగే ఉంటుంది.

నాయన దిక్కు చూసిన. ఆయన ఈ లెక్కలేవీ వినట్లేదు. లారీ బల్బు దిక్కే చూస్తున్నాడు.

47 మైక్రోఫారడ్లు, 50 వోల్టులు, 105 డిగ్రీలది. కర్నూలు సంచిలో ఉంది. చాచా చీటీ చివర్లో "ఉంటే పనికొస్తయి" అని రాసినవాటిలో ఒకటి. ధర ఐదు రూపాయలు. పాతది పీకి, కొత్తది వేసి, చల్లగా ఉన్నప్పుడే స్విచ్ వేశాం. బల్బు వెలిగింది. తీసి వేశాం, వెలిగింది. పదిసార్లు వేసినా వెలిగింది. సిరీస్ బల్బు తీసేసి నేరుగా ఇచ్చాం. మీటరులో 24, 5 సరిగ్గా ఉన్నాయి. బోర్డు బిగించి మిషన్ స్విచ్ వేస్తే డిస్‌ప్లే వెలిగి, లోపల డ్రమ్ము ఒక చుట్టు తిరిగి తన చోటు చూసుకుంది.

ఆ రాత్రి నాయన, నేను షాపులోనే ఉన్నాం. 64 మాస్టర్లు, ఒక్కోదానికి 140 కాపీలు. మిషన్ తిరగడం ఎంతసేపు? అసలు పని కాగితాలు తిప్పి పెట్టడం, సిరా ఆరనివ్వడం, పేజీలు వరస పెట్టడం, పిన్ను కొట్టడం. గణితం, భౌతికశాస్త్రం, సాంఘికం. ఓమ్ నియమం ఉన్న పేజీ వచ్చినప్పుడు నాయన దాన్ని చేతిలోకి తీసుకొని కాసేపు చదివాడు. "ఇది నువ్వు పదోదిల ఉన్నప్పుడు కూడా నేనే వేసిన" అన్నాడు. రెండు గంటలకు ఇద్దరి గోళ్లల్లోనూ సిరా.

"నాయనా, మెస్సు బాకీ సంగతి ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు తింటవా?" అని పేజీలు దులిపి వరస పెట్టుకున్నాడు. దాని మీద ఇంకేం మాట్లాడుకోలేదు.

చాచా మజూరీ రెండు వందలు అడిగాడు. నాయన ఐదు వందలు ఇవ్వబోతే మూడు వందలు తిరిగి జేబులో పెట్టాడు. పోయే ముందు నాకొక పని చెప్పాడు. రిపేరు చేసిన ప్రతి బోర్డు మీద ఆయన చిన్న చీటీ అతికిస్తాడు. తేదీ, మార్చిన వస్తువు, కారణం. తర్వాత విప్పేవాడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోకూడదని. ఈసారి నన్ను రాయమన్నాడు. నేను తేదీ వేసి "47 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్చబడినది, చలికి లేవదు" అని రాసి చూపించిన. చాచా అద్దాలు ముక్కు మీదికి జరుపుకొని చదివాడు.

"మాస్‌ఫెట్, ఐసీ యాడ పోయినయి?"

"అవి... అవి పాత రోగం కాదు కద చాచా."

"రేపు ఇంకొకడు విప్పుతడు. లోపల వేరే నంబరు మాస్‌ఫెట్ ఉంటది. కంపెనీది గాదు, ఏమైందో అని వాడు ఆగమైతడు. రాయి."

రాసిన. ఇప్పుడు మా షాపులో ఆ మిషన్ వెనక కవరు విప్పితే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నా చేతిరాతతో ఒక చీటీ కనిపిస్తుంది. రెండో వరసలో ఇట్ల ఉంటుంది: "మాస్‌ఫెట్, ఐసీ, రెండు రెసిస్టర్లు, ఫ్యూజు. కరెంటు ఉండగా ప్రోబు జారి కాలినవి. కాల్చింది నేను." కింద నా పేరు.

హాస్టల్‌కు వచ్చాక నాయన ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే, తిన్నవా అని. నేను అడిగేది కూడా ఒకటే.

"పొద్దున లేచిందా నాయనా?"

"ఒక్కసారికే లేచింది" అంటాడు. తర్వాత కొంచెం ఆగి, అది ఎట్ల లేచిందో, ఏం శబ్దం చేసిందో, ఎన్ని కాపీలు తీసిందో మొత్తం చెప్తాడు. ఇప్పుడు మధ్యలో ఆపకుండా వింటున్నా.